సింధూరం కింద ఏముంది?

పాత విగ్రహానికి కొత్త రంగు వేసే ముందు ఒక్కసారి ఆగి చూడమంటోంది సైన్స్. ఫ్లోరెన్స్ చెక్క శిల్పం, అజంతా గోడ, సాలూరు లారీ బాడీ... మూడూ ఒకే పాఠం చెబుతున్నాయి.

2018 జూన్‌లో ఒక ఫొటో ప్రపంచమంతా చక్కర్లు కొట్టింది. స్పెయిన్‌లో ఎస్తెయ్యా అనే చిన్న ఊరుంది. అక్కడి శాన్ మిగేల్ చర్చిలో గుర్రమెక్కిన సెయింట్ జార్జ్ చెక్క విగ్రహం 16వ శతాబ్దం నాటిది. మాసిపోయిందని దాన్ని బాగు చేయించారు. పని అయ్యాక చూస్తే వీరుడి మొహం గులాబీ రంగులో, నున్నగా, తీర్థంలో అమ్మే ప్లాస్టిక్ బొమ్మలా తయారైంది. నెట్ జనం టిన్‌టిన్ కార్టూన్‌తో పోల్చారు. మీమ్స్ మీద మీమ్స్ పడ్డాయి. మనలోనూ చాలామంది ఫార్వర్డ్ చేసి నవ్వుకున్నాం.

ఆ తర్వాత జరిగింది మాత్రం మీమ్ కాలేదు. నిపుణులు వచ్చి ఆ కొత్త రంగునంతా ఓపిగ్గా తీశారు. 2019కి ఆ పని పూర్తయింది. ఖర్చు 30 వేల యూరోల పైమాటే. తీరా తీశాక తెలిసిందేంటంటే, అడుగున ఉండాల్సిన అసలు రంగు చాలాచోట్ల అప్పటికే పోయింది. ఖాళీల్లో మళ్ళీ రంగు నింపారు. దూరం నుంచి చూస్తే పాత జార్జే. కానీ 500 ఏళ్ళ కిందటి పనివాడు తన కుంచెతో పెట్టిన రంగు, పోయిన చోట పోయినట్టే.

ఇప్పుడు మన వైపు వద్దాం. సాలూరు, పాచిపెంట, మక్కువ, బొబ్బిలి... ఈ చుట్టుపక్కల ఏ ఊరికెళ్ళినా అమ్మవారి పండగ దగ్గర పడుతోందంటే గుడికి రంగులు మొదలవుతాయి. చందాలేసుకుంటారు. పెయింటర్‌ని పిలుస్తారు. ద్వారపాలకులకు కొత్త మీసాలు, సింహానికి కొత్త పసుపు, అమ్మవారి రాతి విగ్రహానికి తళతళలాడే ఎనామిల్. ఊరంతా కలిసి భక్తితో చేసే పని, దాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. నా భయమల్లా రంగు వేసే ముందు జరిగే పని గురించి. వైర్ బ్రష్షు పెట్టి రుద్దుతారు. కొన్నిచోట్ల యాసిడ్, ఇంకొన్నిచోట్ల గ్రైండర్ మిషను. కింద ఏముందో ఎవరూ చూడరు. వందేళ్ళుగా పేరుకున్నది ఒక్క మధ్యాహ్నంలో పొడై కింద పడుతుంది, చీపురుతో ఊడ్చేస్తారు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మా పనిలో ఒక మోటు నియమం ఉంది. పాత కోడ్ పనికిరాదనిపించినా హిస్టరీ చూడకుండా డిలీట్ చేయకూడదు. ఆ లైను ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎందుకు రాశారో అందులో ఉంటుంది. విగ్రహం మీద రంగు పొరలు కూడా అలాంటి హిస్టరీనే. తేడా ఏంటంటే, దీనికి బ్యాకప్ లేదు.

లారీ బాడీ చెప్పిన పాఠం

ఈ పొరల సంగతి అర్థం కావాలంటే ముందు ఫ్లోరెన్స్ దాకా పోనక్కర్లేదు. సాలూరు చాలు. వేగావతి ఒడ్డున, ఒడిశాకు పోయే రోడ్డు మీదున్న మా ఊరు లారీలకు పెట్టింది పేరు. లారీ ఓనర్లు, డ్రైవర్లు, బాడీ బిల్డింగ్ షెడ్లు, పెయింటర్లు... ఊరి సగం బతుకు వాటి చుట్టూనే.

అలాంటి ఒక షెడ్‌లో ఒక పెయింటర్ బాబాయ్ పాత లారీ తలుపు మీద సాండ్ పేపర్‌తో చిన్న గుండ్రం రుద్ది నాకు చూపించాడు. ఉల్లిపాయని అడ్డంగా కోసినట్టు రింగులు రింగులుగా రంగులు బయటపడ్డాయి.

"సూడు బావూ, పైన ఆకుపచ్చ. దాని కింద పసుపు. దాని కింద నీలం. అడుగున రెడ్డాక్సైడు. బండి రెండు సేతులే మారిందని ఓనరు అంటాడు. రంగు అబద్దం సెప్పదు గదా!"

ఆ చిన్న రింగుల్లో బండి జీవితచరిత్ర మొత్తం ఉంది. ఏ రంగు ముందు, ఏది తర్వాత, మధ్యలో ఎక్కడ దెబ్బ తగిలి పుట్టీ పెట్టారో అన్నీ కనిపిస్తాయి. ఇటలీలో పాత శిల్పాలను బాగుచేసే నిపుణులు మొదట చూసేది కూడా సరిగ్గా ఇదే. కాకపోతే బాబాయ్ రూపాయి బిళ్ళంత గుండ్రం రుద్దాడు. వాళ్ళు ఆవగింజ కంటే చిన్న ముక్కతో సరిపెట్టుకుంటారు. వీలైతే అదీ తీసుకోరు.

తెల్ల శిల్పం అనేది ఒక భ్రమ

యూరప్ శిల్పం అనగానే మన కళ్ళ ముందు తెల్లటి పాలరాయి మెదులుతుంది. నిజానికి గ్రీకు, రోమన్ విగ్రహాల్లో చాలావాటికి రంగులుండేవి. ఎండకి, వానకి, మట్టికి, అతిగా కడిగినందుకు అవి పోయాయి. జర్మన్ పరిశోధకుడు విన్‌జెన్జ్ బ్రింక్‌మన్ బృందం రంగు ఆనవాళ్ళను వెతికి పట్టుకుని, రంగులేసిన నమూనాలు తయారుచేసి 2003లో మ్యూనిక్‌లో ప్రదర్శన పెడితే జనం నోరెళ్ళబెట్టారు.

రినైజాన్స్ కాలం, అంటే సుమారు 15, 16 శతాబ్దాల్లో, చెక్కతో, కాల్చిన మట్టితో చేసిన శిల్పాలకు రంగు వేయడం మామూలు విషయం. చాలాసార్లు చెక్కేది ఒకరు, రంగు వేసేది ఇంకొకరు. మన దగ్గర లారీ బాడీ కట్టేవాళ్ళు వేరు, పెయింటర్లు వేరు అయినట్టే.

చెక్క శిల్పం మీద పొరలు ఇలా ఉండేవి. మొదట చెక్కకు జిగురు పూత. అతుకుల మీద నార గుడ్డ. ఆపైన జిప్సం గానీ సుద్ద గానీ జంతువుల జిగురులో కలిపిన తెల్లటి పూత. బంగారు రేకు అంటించే చోట మెత్తటి ఎర్రమట్టి. ఆ తర్వాత గుడ్డుసొనలోనో నూనెలోనో కలిపిన రంగులు.

ఇది చదువుతుంటే ఏదైనా గుర్తొస్తోందా? కొండపల్లి బొమ్మ! తెల్లపొణికి కర్రని చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతుకుతారు. తెల్లటి సున్నం పూత పూస్తారు. ఆపైన రంగులు. ఫ్లోరెన్స్ పనివాడు, కొండపల్లి పనివాడు ఒకరినొకరు చూసుకోలేదు. కానీ చెక్కకు రంగు పట్టాలంటే మధ్యలో ఒక తెల్ల పూత కావాలని ఇద్దరికీ తెలుసు.

వరద బయటపెట్టిన బంగారం

1966 నవంబర్ 4న ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ నగరాన్ని ముంచేసింది. బాప్టిస్టరీలో ఉన్న దొనతెల్లో శిల్పం 'మగ్దలేనా' కూడా ఆ బురద నీళ్ళలో దెబ్బతింది. 15వ శతాబ్దం నడిమి నాటి చెక్క శిల్పం అది. ఎండిపోయిన శరీరం, చింపిరి జుట్టు, జోడించబోతున్న చేతులు. అప్పటిదాకా చూసినవాళ్ళందరికీ అది ముదురు గోధుమ రంగు బొమ్మే. పశ్చాత్తాపంతో కుమిలిపోయిన మనిషికి ఆ చీకటి రంగే తగిందనుకున్నారు.

బాగుచేయడం మొదలుపెట్టి, మీద తర్వాతి కాలంలో పూసిన గోధుమ పూత తీసేసరికి కింద చర్మపు సహజ రంగు కనిపించింది. జుట్టులో బంగారు గీతలు మెరిశాయి. శిల్పి ఆమెకు చీకటి ఒక్కటే ఇవ్వలేదు, వెలుగు కూడా ఇచ్చాడు. శిల్పం అర్థమే మారిపోయింది. వందల పేజీల వ్యాఖ్యానాలు చేయలేని పని, అడుగున దాగిన పల్చటి పొర చేసింది.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. ఏ పొర అసలుది, ఏది తర్వాత పూసింది అని ఎలా తెలుస్తుంది? తీసేశాక 'అయ్యో, ఇదే అసలుది' అనుకుంటే లాభం లేదు కదా. అందుకే తీసే ముందే తెలుసుకునే పద్ధతులు కావాలి. సైన్స్ పని అక్కడ మొదలవుతుంది.

ముట్టుకోకుండా చూడటం ఎలా?

మొదటిది అతినీలలోహిత కాంతి. దొంగనోట్లు పట్టే లైటులో ఉండేది అదే. చీకట్లో ఆ లైటు వేస్తే ఒక్కో పదార్థం ఒక్కోలా మెరుస్తుంది. పాత లక్క వార్నిష్ నారింజ రంగులో వెలుగుతుంది. ఈమధ్య వేసిన రంగు మరకలు చాలాసార్లు నల్లగా కనిపిస్తాయి. ఎక్కడెక్కడ చెయ్యి పడిందో తెలుసుకోవడానికి ఇది మొదటి మ్యాప్.

రెండోది ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్. పెద్ద డ్రిల్లింగ్ మిషన్‌లా చేత్తో పట్టుకునే పరికరం. రంగు మీదకి ఎక్స్‌రే పంపిస్తే అందులోని మూలకాలు తమ గుర్తు తాము తిరిగి పంపుతాయి. బంగారం షాపుల్లో నగ స్వచ్ఛత చూసే మిషను పని చేసేదీ ఇలాగే. ఇనుము కనిపిస్తే జేగురు లాంటి మట్టి రంగు అయి ఉండొచ్చు. పాదరసం కనిపిస్తే ఇంగిలీకం. రాగి కనిపిస్తే నీలమో ఆకుపచ్చో. సీసం కనిపిస్తే?

ఇక్కడే చిక్కు. సింధూరంలోనూ సీసమే, పాతకాలపు తెల్ల సఫేదాలోనూ సీసమే. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. మూలకం పేరు ఒక్కటే చాలదు, అది ఏ రూపంలో ఉందో తెలియాలి. పైగా నీలిమందు లాంటి మొక్కల రంగుల్లో ఉండేవి కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్. అంత తేలిక మూలకాలు ఈ మిషన్‌కి కనిపించవు.

ఆ చిక్కు విప్పే మూడో పరికరం పేరు వింటే మన ఉత్తరాంధ్ర వాళ్ళు కాస్త గర్వపడొచ్చు. రామన్ స్పెక్ట్రోస్కోపీ. సర్ సి.వి.రామన్ తిరుచిరాపల్లిలో పుట్టినా చిన్నప్పుడు చదివింది విశాఖపట్నం సెయింట్ అలోషియస్ స్కూల్లో. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో ఆయన కనిపెట్టిన విషయానికి 1930లో నోబెల్ వచ్చింది. ఆయనతో పనిచేసిన మన తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. రామన్ ఎఫెక్ట్ మీద ఆయన రాసిన పుస్తకాన్ని 1940లో ఆ విశ్వవిద్యాలయమే అచ్చేసింది.

సంగతి ఇది. ఒకే రంగు కాంతిని ఏదైనా పదార్థం మీద వేస్తే దాదాపు అంతా అదే రంగులో వెనక్కొస్తుంది. కోటిలో ఒక వంతు లాంటి అతి కొద్ది భాగం మాత్రం రంగు మార్చుకుని వస్తుంది. ఎంత మారిందనేది ఆ పదార్థంలోని అణువులు ఎలా కంపిస్తున్నాయో దాన్ని బట్టి ఉంటుంది. అంటే ప్రతి రంగుకీ ఒక బార్‌కోడ్ అన్నమాట. సింధూరానికి ఆ గ్రాఫ్ మీద 548 దగ్గర గట్టి గీత వస్తుంది. ఇంగిలీకానికి 252 దగ్గర వస్తుంది. కంటికి రెండూ ఎరుపే. లేజర్‌కి మాత్రం రెండూ పూర్తిగా వేరు. ఇవాళ ఫ్లోరెన్స్, లండన్, పారిస్ ల్యాబుల్లో శిల్పం పక్కన పెట్టుకుని వాడుతున్న సాధనాల్లో ఇదొకటి.

ఇవన్నీ అయ్యాక కూడా అనుమానం మిగిలితే అప్పుడు ఒక చిన్న రేణువు తీస్తారు. ఎక్కడో మడతలో, అప్పటికే పగిలిన అంచు నుంచి. దాన్ని రెజిన్‌లో బిగించి, పక్కనుంచి పాలిష్ చేసి, మైక్రోస్కోప్ కింద పెడతారు. పెయింటర్ బాబాయ్ చూపించిన ఉల్లిపాయ రింగులే కనిపిస్తాయి. పొరల మధ్య మసి గీత ఉందంటే ఆ రెండు పూతల మధ్య చాలా ఏళ్ళు దీపాల పొగ తగిలిందని అర్థం. మసి లేకపోతే రెండు పూతలూ ఒకే విడతలో పడి ఉండొచ్చు.

రంగులకీ వెర్షన్ నంబర్లు

రంగు పేరు తెలిస్తే తేదీ కూడా దొరుకుతుంది. ఎందుకంటే కొన్ని రంగులు ఫలానా కాలానికి ముందు లేనే లేవు.

ప్రష్యన్ బ్లూ: 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది. 15వ శతాబ్దపు విగ్రహం మీద కనిపిస్తే ఆ పొర తర్వాత వేసిందే.

క్రోమ్ ఎల్లో: 19వ శతాబ్దం మొదట్లో వచ్చింది. సీసం, క్రోమియం కలిసిన మెరిసే పసుపు.

కృత్రిమ అల్ట్రామెరీన్: 1820ల చివర్లో ఫ్రాన్స్‌లో తయారైంది. తెల్లబట్టలకు పెట్టే నీలం పొడి ఈ జాతిదే. అంతకుముందు ఈ నీలం కావాలంటే అఫ్గానిస్తాన్ కొండల్లోని లాజవర్ద్ రాయే దిక్కు.

టైటానియం వైట్: మొదటి ప్రపంచయుద్ధం తర్వాతే మార్కెట్లోకి వచ్చింది. ఇవాళ మన గోడల మీది తెలుపులో దాదాపు అంతటా ఉండేది ఇదే.

సీసం, తగరం కలిసిన పసుపు: ఇది తిరగేసిన కేసు. యూరప్ చిత్రకారులు 1750 ప్రాంతం దాకా వాడి తర్వాత మర్చిపోయారు. 1941లో మ్యూనిక్‌లో రిచర్డ్ జాకోబీ అనే పరిశోధకుడు మళ్ళీ దీన్ని గుర్తించాడు. ఇది కనిపించిందంటే ఆ పొర పాతదే అనడానికి బలమైన సాక్ష్యం.

ఇంకో సంగతి. రంగులు మారతాయి కూడా. ఇంగిలీకం వెలుతురుకి నల్లబడొచ్చు. సీసపు రంగులు గాలికి, తేమకి నల్లబడొచ్చు. రాగి నీలం ఆకుపచ్చగా తిరగొచ్చు. 'ఈ విగ్రహం మొహం మొదటి నుంచీ నలుపే' అని కంటితో చూసి తేల్చేయడానికి వీల్లేదు. అది ఒకప్పుడు ఎర్రగా వెలిగి ఉండొచ్చు.

నిజాం పిలిపించిన ఇటలీ నిపుణులు

ఇటలీ పనితనం మన గడ్డ మీదకి నేరుగా వచ్చిన సందర్భం ఒకటుంది. అది మన హైదరాబాద్ కథే.

అజంతా ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. అప్పట్లో హైదరాబాద్ సంస్థానంలో భాగం. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టి గులాం యాజ్దానీని దానికి అధిపతిని చేసింది. గుహల గోడల మీద, పైకప్పుల మీద బొమ్మలు పెచ్చులూడుతున్నాయి. అజంతాలో చెక్కిన బుద్ధ విగ్రహాలకూ ఒకప్పుడు పైన పూత, రంగు ఉండేవి. ఆ ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ సంపదను కాపాడటానికి నిజాం ప్రభుత్వం ఏకంగా ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీని, ఆయనతో పాటు ఓర్సినీని రప్పించింది. 1920 నుంచి 1922 మధ్య వాళ్ళిద్దరూ అక్కడ పనిచేశారు.

ఊడిపోయే పెచ్చుల్ని గోడకి అంటించారు. పగిలిన అంచుల్ని పూడ్చారు. ఆ పని లేకపోతే చాలా బొమ్మలు మనదాకా వచ్చేవి కావు. అది ఒప్పుకోవాలి. దాంతోపాటు ఇంకోటి కూడా చేశారు. రంగు నిలవడానికి, మెరుపు రావడానికి పైన లక్క వార్నిష్ పూశారు. అంతకుముందు బొమ్మలకు నకళ్ళు గీయడానికి వచ్చినవాళ్ళు కూడా వార్నిష్‌లు రాసి ఉన్నారు.

లక్క మనదే. మోదుగ, రేగు లాంటి చెట్ల మీద చిన్న పురుగులు కట్టే జిగురు. ఏటికొప్పాక బొమ్మకి ఆ మెరుపు ఇచ్చేది అదే. అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుంటే లక్క బిళ్ళ ఆనించగానే రాపిడి వేడికి కరిగి రంగు పట్టేస్తుంది. బొమ్మ మీద లక్క అద్భుతం. గుహ గోడ మీద మాత్రం కథ వేరు. ఏళ్ళు గడిచేకొద్దీ అది పసుపెక్కింది, గోధుమ రంగుకి తిరిగింది. దుమ్ము, మసి పట్టుకుంది. బిగుసుకుని కింది రంగుని లాగింది. పైగా లక్క పాతబడేకొద్దీ స్పిరిట్‌లో కూడా కరగనని మొండికేస్తుంది.

చెక్కోనీ అనాడి మనిషి కాదు. ఆ రోజుల్లో యూరప్‌లో మంచిదనుకున్న పద్ధతే వాడాడు. కానీ ఈ రంగుల మీద, ఈ గుహ గాలిలో, ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాత ఆ పూత ఏమవుతుందో పరీక్షించే సాధనాలు అప్పుడు లేవు. 1950ల్లో గుహలు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ చేతికి వచ్చాక ఆ శాఖ రసాయన నిపుణులకు పెద్ద పని ఇదే అయింది. అంగుళం అంగుళం చొప్పున వార్నిష్ తీయడం, కింద ఉన్నది ఏ రంగో తేల్చుకోవడం.

ఆ పరీక్షల్లో తేలిన సంగతులు చూడండి. ఎరుపు, పసుపు మట్టి రంగులు. నలుపు కోసం మసి. తెలుపు కోసం సున్నం, తెల్లమట్టి లాంటివి. ఆకుపచ్చ కోసం ఒక రకం పచ్చమట్టి. నీలం కోసం మాత్రం లాజవర్ద్. అంటే ఎక్కడో అఫ్గానిస్తాన్ కొండల రాయి పదిహేను వందల ఏళ్ళ కిందట దక్కన్ గుహ దాకా వ్యాపారుల మూటల్లో వచ్చింది. గోడ మీది చిటికెడు నీలం ఒక వ్యాపార మార్గాన్ని చూపిస్తోంది. పక్కనే ఎల్లోరా మట్టి పూతలో గంజాయి నార కలిపారని 2016లో రాజ్‌దేవ్ సింగ్, సర్దేశాయి బయటపెట్టారు. మత్తు కోసం కాదు, పురుగు పట్టకుండా, పూత గట్టిపడేలా. గీకి పారేసి ఉంటే ఈ రెండు సంగతులూ చెత్తకుప్పలో కలిసేవి.

మన లేపాక్షిని కూడా ఇదే కళ్ళతో చూడాలి. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో, వీరభద్రాలయం పైకప్పుకి రంగులు పడుతున్న రోజుల్లోనే రోమ్‌లో మైకెలాంజెలో సిస్టీన్ చాపెల్ గోడ మీద 'లాస్ట్ జడ్జిమెంట్' వేస్తున్నాడు. అది 1536 నుంచి 1541 దాకా. వాళ్ళ రినైజాన్స్ రంగులకి ఎంత పరీక్ష, ఎంత ఓపిక దక్కుతున్నాయో మన రంగులకీ అంత దక్కాలి. శ్రీకూర్మం ప్రదక్షిణ మండపం గోడల మీది బొమ్మలకీ అంతే.

నిజరూపం ఏది?

ఒక వాదన వస్తుంది, రావాలి కూడా. 'మా దేవుడు మ్యూజియం బొమ్మ కాదు. పూజలో ఉన్న విగ్రహం. సింధూరం మా భక్తి. దాన్ని గీకి కింద ఏముందో చూడటానికి మీరెవరు?'

నిజమే. సింహాచలం అప్పన్నని తలుచుకోండి. ఏడాదంతా చందనంలోనే దర్శనం. అక్షయ తృతీయ నాడు చందనోత్సవంలో ఒక్కరోజు నిజరూపం. మళ్ళీ చందనం. అక్కడ పూత అడ్డు కాదు, సేవలో భాగం. మనకి ఈ సంగతి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇటలీలోనూ ఇదే చర్చ జరిగింది. రోమ్‌లో 1939లో మొదలైన జాతీయ పునరుద్ధరణ సంస్థకు నాయకత్వం వహించిన చేజరే బ్రాందీ 1963లో తన సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చాడు. వస్తువు పుట్టిన రోజు ఎంత ముఖ్యమో, అక్కణ్ణుంచి మనదాకా అది గడిపిన కాలం కూడా అంతే ముఖ్యం అన్నాడు. పాతబడిన ఛాయని పూర్తిగా చెరిపేయొద్దన్నాడు. ఖాళీలు నింపితే సన్నటి నిలువు గీతలతో నింపమన్నాడు. దూరం నుంచి బొమ్మ నిండుగా ఉంటుంది. దగ్గరికొస్తే ఏది పాతదో ఏది కొత్తదో ఎవరికైనా తెలుస్తుంది. దాచిపెట్టడం లేదు, మోసం లేదు.

కాబట్టి సైన్స్ అడుగుతున్నది సింధూరం తీసేయమని కాదు. చాలాసార్లు పరీక్షల తర్వాత నిపుణులు తీసుకునే నిర్ణయం 'ముట్టుకోవద్దు' అనే. ఆ పొరలో తాతముత్తాతల చేతులున్నాయని తెలిశాక తీయబుద్ధి కాదు. అసలు గొడవంతా చూడకుండా గీకడం దగ్గరే. భక్తికీ పరీక్షకీ ఇక్కడ పోటీ లేదు. వైర్ బ్రష్షు రెండింటికీ శత్రువే.

ఆరోగ్యం సంగతి కూడా ఉంది. సంప్రదాయ సింధూరంలో సీసం. ఇంగిలీకంలో పాదరసం. హరిదళం అనే పాత పసుపులో ఆర్సెనిక్. పాత ఎనామిల్ పెయింట్లలోనూ సీసం ఎక్కువగా ఉండేది. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90కి మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పొరని పొడిగా రుద్దితే ఆ దుమ్ము పనివాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుళ్ళో ఆడుకునే పిల్లల చేతులకి అంటుతుంది. గుడికి రంగులేసే కుర్రాడు మాస్కు పెట్టుకోవడం నేనైతే ఎక్కడా చూడలేదు.

మీ ఫోన్‌తో మీరు చేయగలిగింది

రామన్ మిషను మన ఊరికి రాకపోవచ్చు. కానీ రంగు వేసే ముందు రికార్డు చేసి పెడితే, రేపు ఎప్పుడైనా నిపుణుడు వచ్చినప్పుడు ఆధారం ఉంటుంది. పూజారి గారిని, కమిటీ పెద్దల్ని అడిగి, గర్భగుడిలో అనుమతి లేనిచోట ఆగి, ఇవి చేయొచ్చు.

1. పగటి వెలుతురులో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. పక్కన స్కేలు పెడితే సైజు తెలుస్తుంది.

2. చీకటి పడ్డాక టార్చ్‌ని పక్కనుంచి, గోడకి దాదాపు ఆనించి వేసి మళ్ళీ తీయండి. ఎదురు లైటులో కనిపించని గీతలు, చెరిగిన అక్షరాలు, పాత పొరల అంచులు నీడలుగా పైకి లేస్తాయి.

3. దానంతట అదే రాలిన రంగు పెచ్చు దొరికితే పారేయొద్దు. కాగితం పొట్లంలో పెట్టి ఎక్కడ దొరికిందో, ఏ తేదీనో రాయండి. చేత్తో మాత్రం ఊడదీయొద్దు.

4. ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. ఏ ఏడాది రంగులేశారు, ఎవరు వేశారు, అంతకుముందు ఏ రంగుండేది? ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ ల్యాబూ ఇవ్వలేని సమాచారం అది.

5. వైర్ బ్రష్షు, యాసిడ్, గ్రైండర్, ఇసుక చిమ్మే మిషను... ఇవి వద్దని గట్టిగా చెప్పండి. రంగుతోపాటు రాతి చర్మం కూడా పోతుంది. చెక్కడం మొద్దుబారిపోతుంది.

6. సున్నం పెచ్చు కింద బొమ్మ గానీ అక్షరాలు గానీ కనిపిస్తే పని ఆపించండి. రాష్ట్ర పురావస్తు శాఖకి, గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే వాళ్ళకి రాతపూర్వకంగా తెలియజేయండి. కేంద్ర రక్షిత కట్టడాలకైతే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ఉంది. రసాయన పరీక్షల కోసం ఆ శాఖకి డెహ్రాడూన్ కేంద్రంగా సైన్స్ విభాగం పనిచేస్తోంది.

7. ఫొటోలన్నీ ఒకే ఫోన్‌లో ఉంచొద్దు. క్లౌడ్‌లో ఒక కాపీ, కమిటీ దగ్గర ఒక కాపీ. ఫోల్డర్ పేరులో ఊరు, గుడి, తేదీ ఉండాలి.

పండగ కమిటీ కూర్చున్నప్పుడు రంగుల డబ్బాలకి ఇంత, కూలికి ఇంత, లైటింగ్‌కి ఇంత అని లెక్క రాస్తారు కదా. ఆ కాగితంలో అన్నిటికంటే పైన 'ముందుగా ఫొటోలు' అని ఒక లైను రాయించండి. ఎదురుగా అంకె సున్నా. ఆ సున్నా రూపాయల పనికి ఒక గంట చాలు. ఆ తర్వాత డబ్బా మూత తీయండి.